స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు… చేరాలా, ఆగాలా?

ఇంటర్ మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకులు చేతికొచ్చే రోజుల్లో తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు మాకు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫీజుల గురించే. మెరిట్ స్కాలర్‌షిప్‌ను దృష్టిలో పెట్టుకొని కాలేజీలు ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నలకు ప్రవేశాలు, స్కాలర్‌షిప్‌ల వ్యవహారం తెలిసిన మా సలహాదారులు ఈసారి జవాబులిస్తున్నారు.

మావాడు ఎంపీసీ, మంచి మార్కులే వచ్చాయి. పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ సీఎస్ఈలో సీటు, ట్యూషన్ ఫీజులో 50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామని మెయిల్ పంపింది. పది రోజుల్లో 50,000 రూపాయలు కట్టి సీటు ఖాయం చేసుకోమంటున్నారు. ఈఏపీసెట్ (రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ ఇంకా మొదలవలేదు. కట్టేయమంటారా?
— ఒక తండ్రి, పలమనేరు

ఆ 50 శాతాన్ని కాసేపు పక్కన పెట్టండి. నాలుగేళ్లలో మీ చేతి నుంచి మొత్తం ఎంత వెళ్తుందో ముందు కాగితం మీద వేయండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్యూషన్ ఏడాదికి 3,00,000 రూపాయలు, ఏటా 5 శాతం పెరుగుతుంది అనుకోండి. నాలుగేళ్ల ట్యూషన్ సుమారు 12.93 లక్షలు. స్కాలర్‌షిప్ శాతం లెక్కన నాలుగేళ్లూ నిలిస్తే మీరు కట్టేది 6.47 లక్షలు. చాలాచోట్ల మొదటి ఏడాది ఫీజులో సగం ఎంతో, అదే రూపాయల మొత్తాన్ని నాలుగేళ్లూ తగ్గిస్తారు. ఫీజు పెరిగినా రాయితీ పెరగదు. అప్పుడు మీ భాగం 6.93 లక్షలవుతుంది. మొదటి ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ పోతే 11.43 లక్షలు. హాస్టల్, మెస్ ఏడాదికి 1.2 లక్షలు వేసుకున్నా మరో 4.8 లక్షలు. దాదాపు ఏ కాలేజీలోనూ మెరిట్ రాయితీ హాస్టల్‌కు వర్తించదు. అంటే అన్నీ కలిసొస్తే 11.27 లక్షలు, కలిసిరాకపోతే 16.23 లక్షలు. దీని పక్కనే ఇంటికి దగ్గరి కాలేజీలో కన్వీనర్ సీటు, అంటే కౌన్సెలింగ్ ద్వారా వచ్చే సీటు, లెక్క వేయండి. ఫీజు 70,000, బస్సు 25,000 అనుకుంటే, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపాయి రాకపోయినా నాలుగేళ్లకు 3.8 లక్షలు. పై అంకెలు లెక్క చూపడానికి వేసినవి, వాటి స్థానంలో మీ కాలేజీల అసలు అంకెలు పెట్టుకోండి. ఈ రెండు మొత్తాల మధ్య తేడాకు తగిన చదువు, ఉద్యోగావకాశాలు ఆ యూనివర్సిటీలో ఉన్నాయా అన్నది మీరు తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న.

ఇక స్కాలర్‌షిప్ నిలబెట్టుకునే షరతు. మెయిల్‌లో ఇది చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా 'యూనివర్సిటీ నిబంధనల మేరకు' అని వదిలేస్తారు. సీజీపీఏ (పదికి లెక్కించే సగటు గ్రేడు) ఎంత ఉండాలి, ఏడాదికోసారి చూస్తారా, ప్రతి సెమిస్టర్‌కూ చూస్తారా, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నా తీసేస్తారా, హాజరు ఎంత ఉండాలి, ఒకసారి పోయాక మార్కులు మెరుగుపడితే తిరిగి ఇస్తారా? ఇవన్నీ అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్‌లో రాసి, మెయిల్‌లోనే జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో కౌన్సెలర్ చెప్పిన మాట ఆ తర్వాత ఫీజు కౌంటర్ దగ్గర పనికిరాదు.

గ్రేడింగ్ పద్ధతి కూడా అడగండి. రిలేటివ్ గ్రేడింగ్ ఉన్నచోట గ్రేడు మీవాడి మార్కుల మీద మాత్రమే కాదు, క్లాసులో మిగతావాళ్ల మార్కుల మీదా ఆధారపడుతుంది. స్కాలర్‌షిప్‌తో వచ్చినవాళ్లంతా ఒకే సెక్షన్‌లో ఉండి, అందరికీ 9 సీజీపీఏ షరతు పెడితే, అందరూ బాగా చదివినా కొందరు 9 కింద ఉండక తప్పదు. ఇంటర్లో జిల్లా స్థాయి మార్కులు తెచ్చుకున్న పిల్లలు మొదటి ఏడాదే రాయితీ పోగొట్టుకోవడానికి మాకు తరచు కనిపించే కారణం ఇదే. షరతు 7 లేదా 7.5 దగ్గర ఉంటే దాన్ని నమ్ముకోవచ్చు. 8.5 దాటితే రెండో ఏడాది నుంచి పూర్తి ఫీజు కట్టగలమా అని చూసుకొనే చేరండి.

50,000 విషయానికొస్తే, ప్రవేశం రద్దు చేసుకుంటే ఫీజు తిరిగివ్వడంపై యూజీసీ ఏటా ఆదేశాలిస్తుంది, అవి ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలకూ వర్తిస్తాయి. 2024-25లో సెప్టెంబర్ 30 లోపు రద్దు చేసుకున్నవారికి పూర్తి ఫీజు, అక్టోబర్ 31 లోపు అయితే 1,000 రూపాయలకు మించకుండా కోసుకొని మిగతాది తిరిగివ్వాలని చెప్పింది. ఈ ఏడాది తేదీలు యూజీసీ వెబ్‌సైట్లో చూసుకోండి. ఎంట్రన్స్ దరఖాస్తు రుసుము మాత్రం తిరిగి రాదనే అనుకోండి. కట్టాలనుకుంటే యూనివర్సిటీ పేరున్న ఖాతాకే కట్టి రసీదు దాచుకోండి, ఏజెంటు ఖాతాకు పంపొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎట్టిపరిస్థితుల్లోనూ అక్కడ వదిలిరావద్దు. పరిశీలించి వెంటనే తిరిగివ్వాలన్నది యూజీసీ నిబంధన. టీసీ, మెమోలు అక్కడ ఇరుక్కుంటే ఇక్కడ కన్వీనర్ సీటు వచ్చినా రిపోర్టు చేయలేరు.

మా అభిప్రాయం అడిగితే, మీ ఆదాయానికి రీయింబర్స్‌మెంట్ వర్తించి, మీవాడి ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఓ మోస్తరు మంచి కాలేజీ వచ్చేలా ఉంటే ఈ 50 శాతం ఆఫర్ కోసం తొందరపడొద్దనే చెబుతాం.

మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వస్తుంది. మాది ఏడాదికి 3.6 లక్షల ఆదాయం, కాబట్టి రీయింబర్స్‌మెంట్ రాదంటున్నారు. మాలాంటి వాళ్లకు మెరిట్ మీద ఇచ్చేవి ఏమున్నాయి?
— ఒక తల్లి, శ్రీకాళహస్తి

రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ పరిమితి 2.5 లక్షలు కనుక అది మీకు రాదు. అక్కడితో దారులన్నీ మూసుకుపోయాయనుకొని ఊరుకునేది మీలాంటి కుటుంబాలే. నిజానికి 2.5 లక్షల నుంచి 8 లక్షల మధ్య ఆదాయమున్న ఇంటి ఆడపిల్లకు సరిపోయే పథకం ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్. ఏడాదికి 50,000, నాలుగేళ్లకు 2 లక్షలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల దాకా తీసుకోవచ్చు. ఏఐసీటీఈ ఆమోదమున్న కాలేజీలో డిగ్రీ స్థాయి టెక్నికల్ కోర్సు మొదటి ఏడాదిలో చేరి ఉండాలి, డిప్లొమా తర్వాత లేటరల్ ఎంట్రీతో వచ్చేవారైతే రెండో ఏడాదిలో. మొదటి ఏడాది దరఖాస్తు పెట్టకపోతే రెండో ఏడాది కొత్తగా పెట్టడానికి లేదు. అందుకే కాలేజీల జాబితా రాసుకునేటప్పుడే ఏఐసీటీఈ ఆమోదం ఉందో లేదో పక్కన గుర్తు పెట్టుకోండి.

రెండోది, కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఆదాయం 4.5 లక్షల లోపు, ఇంటర్ బోర్డులో మీ గ్రూపులో 80వ పర్సంటైల్ పైన ఉండాలి. ఇది 80 శాతం మార్కులు కాదు, పరీక్ష రాసిన ప్రతి 100 మందిలో 80 మంది కంటే పైన ఉండటం. ఆ కటాఫ్ ఎన్ని మార్కులో ఇంటర్ బోర్డు ప్రకటిస్తుంది. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, బీటెక్ నాలుగో ఏడాది 20,000 ఇస్తారు. ఏటా కొనసాగాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. సగం స్కాలర్‌షిప్‌లు అమ్మాయిలకే.

ఈ రెండూ కలిపి తీసుకోలేరు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటి అందుకుంటూ మరొకటి తీసుకోవడం రెండు పథకాల్లోనూ కుదరదు. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు కూడా సెంట్రల్ సెక్టార్ రాదు. మీ అమ్మాయికి డబ్బు లెక్కన ప్రగతి మేలు, కానీ అందులో స్కాలర్‌షిప్‌ల సంఖ్య పరిమితం, ఇంటర్ మార్కుల మెరిట్ మీద ఎంపిక చేస్తారు.

వీటితోపాటు రిలయన్స్ ఫౌండేషన్ అండర్ గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్‌కు కూడా దరఖాస్తు పెట్టించండి. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండి, ఇంటర్లో 60 శాతం మార్కులు, కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు ఉంటే చాలు. ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తారు. ఏ బ్రాంచి అయినా ఫర్వాలేదు.

గత ఏడాది ఎన్ఎస్‌పీలో (నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్) అప్లై చేశాం, మార్కులున్నా డబ్బు పడలేదు. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది?
— డిగ్రీ విద్యార్థి, బంగారుపాళ్యం

లాగిన్ అయి స్టేటస్ చూస్తే సగం తెలిసిపోతుంది. 'డిఫెక్టివ్' అని ఉంటే ఏదో తప్పు దిద్దమని వెనక్కి పంపారని అర్థం. గడువులోపు దిద్ది మళ్లీ సమర్పిస్తే సరిపోయేది. చాలామంది ఆ స్టేటస్ చూడరు, గడువు దాటిపోతుంది. 'రిజెక్ట్' అని ఉంటే ఆ ఏడాదికి అంతే. కాలేజీ స్థాయిలో పెండింగ్ అని ఉంటే, కాలేజీలో స్కాలర్‌షిప్‌లు చూసే నోడల్ అధికారి మీ దరఖాస్తును వెరిఫై చేయలేదన్నమాట. ఆన్‌లైన్లో సమర్పించిన వారంలోపే ప్రింటు, ఆదాయ పత్రం, మెమో, ఫీజు రసీదు, బోనాఫైడ్ తీసుకెళ్లి ఆ అధికారికి ఇవ్వాలి. కొత్తగా చేరబోయేవాళ్లు కూడా అడ్మిషన్ రోజే 'మీ కాలేజీ ఎన్ఎస్‌పీలో ఉందా, నోడల్ అధికారి ఎవరు' అని అడగండి. జవాబు చెప్పేవాళ్లే లేని కాలేజీలో కేంద్ర స్కాలర్‌షిప్‌లకు ఏటా ఇబ్బందే.

అన్ని స్థాయిల్లోనూ ఆమోదం వచ్చినా డబ్బు పడలేదంటే చాలాసార్లు కారణం బ్యాంకు. డబ్బు ఆధార్‌తో సీడింగ్ (అనుసంధానం) అయిన ఖాతాలోకే వెళ్తుంది. రెండు మూడు ఖాతాలుంటే చివరగా సీడింగ్ అయినదాంట్లో పడుతుంది, కాబట్టి పాత ఖాతాలు కూడా ఒకసారి చూసుకోండి. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ నొక్కితే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఇంకో చిక్కు ఉంది. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన స్మాల్ అకౌంట్లలో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదికి జమలు లక్ష మించకూడదు. అలాంటి ఖాతాకు పెద్ద మొత్తం వస్తే జమ కాదు. బ్యాంకుకు వెళ్లి పూర్తి కేవైసీ చేయించుకోండి. ఆధార్, టెన్త్ మెమో, బ్యాంకు పుస్తకం మూడింటిలోనూ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే సరిచూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మామూలే, దరఖాస్తు వెనక్కి రావడానికీ ఇదో కారణమే.

రీయింబర్స్‌మెంట్ మీదే ఆధారపడేవాళ్లం. వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టుకోవాలి?
— ఇంటర్ విద్యార్థిని, పుత్తూరు

మీకు ముఖ్యం సీటు ఏ కోటాలో వచ్చిందన్నది. కన్వీనర్ కోటాలో, కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు వర్తించదు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా 35 శాతం సీట్లు ఈఏపీసెట్ ద్వారా నింపుతున్నారు, ఆ ఆప్షన్లు మరిచిపోకండి. అదే యూనివర్సిటీలో నేరుగా చేరితే మాత్రం రీయింబర్స్‌మెంట్ మాటే ఉండదు.

మీరు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంత స్థానికులు. ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఈ ప్రాంతంలోకి వస్తాయి. ఇక్కడి కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే కనుక గత ఏడాది చివరి ర్యాంకులు చూసేటప్పుడు ఎస్వీయూ ప్రాంతం, మీ కేటగిరీ, అమ్మాయిల గడిలో ఉన్న అంకెనే చూడాలి. పక్క గడి చూసి 'నాకు రాదులే' అని మంచి కాలేజీ వదిలేసేవాళ్లున్నారు.

వరస విషయంలో మా సలహా: మొదట మీ ర్యాంకుకు అందీ అందనట్టుండే మంచి కాలేజీలు, ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ లాంటివి. తర్వాత గత ఏడాది చివరి ర్యాంకు మీ ర్యాంకుకు అటూ ఇటూ ఉన్నవి. చివర్లో తప్పకుండా వచ్చేవి కనీసం పది. అసలు చేరదలచుకోని కాలేజీని మాత్రం పెట్టకండి. ఆప్షన్లు తక్కువ పెట్టి ఏ సీటూ రాక, చివరికి స్పాట్‌లో చేరి రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకోవడం మీలాంటి కుటుంబానికి జరిగే అతిపెద్ద నష్టం. ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీల్లోనూ సెల్ఫ్ సపోర్టింగ్ కోర్సుల ఫీజు రెగ్యులర్ కోర్సుల కంటే ఎక్కువ ఉంటుంది, ఆప్షన్ పక్కన చూపే ఫీజు చదివి పెట్టండి.

చేరాక 75 శాతం హాజరు తప్పనిసరి. ప్రభుత్వం నుంచి విడుదల ఆలస్యమైతే ముందు మీరే కట్టమని కాలేజీ ఒత్తిడి చేయొచ్చు. అలా కట్టినప్పుడు ఏ ఫీజు కింద తీసుకున్నారో రసీదులో రాయించుకుంటేనే తర్వాత తిరిగి అడగగలరు.

మాకు ఏర్పేడు దగ్గరే ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి. ఐఐటీ ఫీజు భరించలేమని మా అబ్బాయిని జేఈఈ వద్దంటున్నాం. సరేనా?
— ఒక తండ్రి, చంద్రగిరి

ఫీజు భయంతో మాన్పించకండి. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే 4 లక్షల ఆదాయమున్న ఇంటికి ట్యూషన్ సుమారు 67,000. ఎన్ఐటీల్లోనూ ఆదాయం మీద ఇదే మాఫీ ఉంది. ట్యూషన్ 1.25 లక్షలు కాబట్టి మీ భాగం సుమారు 42,000. హాస్టల్, మెస్ వేరు. ఆదాయ పత్రం సిద్ధంగా పెట్టుకోండి, ప్రవేశ సమయంలో ఇవ్వకపోతే పూర్తి ఫీజు కట్టమంటారు. తిరుపతి ఐఐటీలో స్థానికులకంటూ కోటా లేదు, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో మాత్రం సగం సీట్లు రాష్ట్ర విద్యార్థులకే.

సైన్స్ మీద ఇష్టముంటే ఐసర్ ప్రవేశాలకు ఐఏటీ పరీక్ష రాయించండి. ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉండి ప్రాథమిక సైన్స్ చదివేవారికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 ఉంది. అందులో 60,000 నేరుగా, 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టుకు. ఆదాయ పరిమితి లేదు. ఐసర్‌లోనే చదవాలని లేదు, ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో గానీ పద్మావతి మహిళా కళాశాలలో గానీ బీఎస్సీ చేసినా అర్హత ఉంటుంది. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది సబ్జెక్టు దగ్గర. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ వంటి 18 సబ్జెక్టులకే ఇది. కంప్యూటర్ సైన్స్ మేజర్ తీసుకుంటే రాదు. ఇంజనీరింగ్, వైద్యం, వ్యవసాయ కోర్సులకూ లేదు. టాప్ 1 శాతం మార్కులు తెచ్చుకొని, ఈ సంగతి తెలియక డిగ్రీలో కంప్యూటర్స్ ఎంచుకునే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఎన్ని యూనివర్సిటీల ఎంట్రన్స్‌లు రాయించాలి? ఒక్కో దరఖాస్తుకే వెయ్యి, పదిహేను వందలు అవుతోంది.
— ఒక తల్లి, నగరి

వెల్లూరు, చెన్నై మీకు దగ్గర కాబట్టి అక్కడి యూనివర్సిటీల ప్రకటనలన్నీ మీ ఇంటికే వస్తాయి. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ కాక మరో రెండు మూడు చాలు. ఎంచుకునే ముందు ఆ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ స్లాబుల పట్టిక తీయండి. మాక్ టెస్టుల్లో వస్తున్న మార్కులను బట్టి మీ బిడ్డ ఏ స్లాబులో పడొచ్చో చూడండి. ఇష్టమైన బ్రాంచికి రాయితీ అసలు ఉందా అన్నదీ చూడండి, డిమాండు తక్కువున్న బ్రాంచీలకే పెద్ద స్లాబులు పెట్టేచోట్లు ఉన్నాయి. రాయితీ కోసం ఇష్టం లేని బ్రాంచిలో వేయొద్దు. జేఈఈ పర్సంటైల్, ఇంటర్ మార్కులు, సొంత ఎంట్రన్స్ మూడింటి మీదా స్కాలర్‌షిప్‌లు ప్రకటించినా, వాటిని కలపరు, పెద్దది ఒక్కటే ఇస్తారు. జేఈఈ పర్సంటైల్ మీదే స్లాబు వస్తున్నప్పుడు సొంత ఎంట్రన్స్‌కు మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. సెంట్రల్ సెక్టార్, ప్రగతి, ఇన్‌స్పైర్‌లకూ ఇంటర్ మార్కులే ఆధారం. నాలుగో, అయిదో ఎంట్రన్స్‌కు పెట్టే సమయం బోర్డు పరీక్షకు పెడితే లాభం ఎక్కువ.

స్కాలర్‌షిప్ ఏదీ రాకపోతే విద్యా రుణం తీసుకోవచ్చా? తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు.
— విద్యార్థి, కుప్పం

పీఎం విద్యాలక్ష్మి పథకంలో తాకట్టు, హామీదారు లేకుండా రుణం వస్తుంది. అయితే అన్ని కాలేజీలకూ కాదు, ర్యాంకింగ్‌ల ఆధారంగా కేంద్రం ప్రకటించిన జాబితాలోని విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తేనే. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివారికి 10 లక్షల దాకా రుణంపై, చదువు కాలం, ఆ తర్వాతి మారటోరియం (వాయిదాలు మొదలయ్యే ముందు ఇచ్చే విరామం) ముగిసేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. 4.5 లక్షల లోపు ఆదాయమున్నవారికి వృత్తి, సాంకేతిక కోర్సులైతే ఆ కాలానికి వడ్డీ పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుంది. అందుకని వెబ్ ఆప్షన్లు ఖరారు చేయకముందే విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఆ కాలేజీ పేరు ఉందో లేదో వెతకండి. చేరిపోయాక లేదని తెలిస్తే బ్యాంకు మామూలు విద్యా రుణమే ఇస్తుంది, దానికి పెద్ద మొత్తమైతే తాకట్టు అడుగుతుంది.